కత్తి పడితే ఓకే, కోరికుంటే కష్టం: హీరోయిన్ సినిమాలూ బాక్సాఫీస్ లెక్కలూ

2025 సెప్టెంబర్ 5, శుక్రవారం సాయంత్రం. బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్లో నలుగురం ఉంటాం, నాది హిందూపురం, ఒకమ్మాయిది నెల్లూరు, ఇంకొకామెది ఖమ్మం, నాలుగో ఆమె చెన్నై వడపళనిలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. వీకెండ్‌కి ఏ సినిమాకి పోదామా అని ఫోన్లు ముందేసుకుని కూర్చుంటే, ఆ వారం మా ముందున్న వాటిలో మూడు సినిమాలు హీరోయిన్ పేరు మీద నడిచేవే. అనుష్క 'ఘాటి' ఆరోజే రిలీజ్. తమిళంలో వర్ష భరత్ తీసిన 'బ్యాడ్ గర్ల్' కూడా అదే రోజు. కల్యాణి ప్రియదర్శన్ మలయాళం సినిమా 'లోక' అప్పటికి వారం నుంచి ఆడుతోంది, తెలుగులో 'కొత్త లోక' అని వచ్చింది.

తర్వాత ఏమైందో అందరికీ తెలిసిందే. 'ఘాటి' నిలబడలేదు. 'లోక' మూడొందల కోట్ల గ్రాస్ దాటేసింది, మలయాళంలో అంతకుముందు ఏ హీరో సినిమాకీ రానంత. 'బ్యాడ్ గర్ల్' గురించి బయట మాట్లాడుకున్నంత మంది థియేటర్లో కనపడలేదు.

కొన్ని రోజుల తర్వాత మా ఇంట్లో జరిగిన గొడవ ఇది. నెల్లూరు పిల్ల అంది, "అనుష్కకే రాకపోతే ఇంకెవరికొస్తాయే ఓపెనింగ్స్, లేడీ ఓరియెంటెడ్ వర్కవుట్ కాదు అంతే." మరి 'లోక' సంగతేంటి అంటే "అది సూపర్ హీరో సినిమా కదా." మరి 'బ్యాడ్ గర్ల్' అంటే కాసేపాగి "అది... అది వేరే" అంది. ఆ 'వేరే' ఏంటో ఆరోజు ఎవరం చెప్పలేకపోయాం. అప్పట్నుంచీ అది నా బుర్రలో తిరుగుతానే ఉంది, అందుకే ఇంత రాస్తున్నా.

మూడు వేరే వేరే సంగతులకి ఒకటే పేరు పెట్టాం

'లేడీ ఓరియెంటెడ్' అన్నది ట్రేడ్ వాళ్ళ మాట, అంటే సినిమాలు కొనీ అమ్మీ వ్యాపారం చేసేవాళ్ళది. పోస్టర్ మీద హీరో లేడు అని తప్ప ఇంకేం చెప్పదు అది. దయ్యం సినిమా కావచ్చు, పోలీసు సినిమా కావచ్చు, ముసలావిడ మళ్ళీ పడుచుపిల్ల అయిపోయిన కామెడీ కావచ్చు, అన్నీ ఆ ఒక్క డబ్బాలోనే. దానికి తోడు 'స్ట్రాంగ్ రోల్' అంటే నలుగుర్ని కొట్టడం, 'బోల్డ్ రోల్' అంటే బట్టలు తగ్గడమో ముద్దు సీనో. ఈ మూడు మాటల్నీ కలిపేసి వాడటం వల్లే సగం గందరగోళం.

నాకు అర్థమైనంతలో విడదీస్తే, తెర మీద ఆడమనిషిలో మనకి చూపించేవి మూడు: ఆమె కోపం, ఆమె ఒళ్ళు, ఆమె కోరిక. మొదటి రెండూ మన సినిమాలో మొదట్నుంచీ బాగానే అమ్ముడుపోయాయి. మూడోదాని దగ్గరే వస్తుంది తంటా.

ఒళ్ళుకీ కోరికకీ తేడా ఏంటి, రెండూ ఒకటే కదా అనొచ్చు. వాన పాట తీసుకుందాం. హీరోయిన్ తడుస్తా ఉంటుంది, కెమెరా నడుం మీద, మెడ మీద, మళ్ళీ నడుం మీద, మధ్యలో హీరో మొహం. అంటే హీరో ఏం చూస్తున్నాడో మనమూ అదే చూస్తున్నాం. బ్రిటన్‌లో లారా మల్వీ అనే సినిమా సిద్ధాంతకర్త 1975లో ఒక వ్యాసంలో దీనికే మేల్ గేజ్ అని పేరు పెట్టింది, మగచూపు అనుకోండి: తెర మీద చూసేవాడు మగాడు, చూడబడేది ఆడది, హాల్లో కూర్చున్న మనం ఆడైనా మగైనా ఆ మగాడి కళ్ళలోంచే చూస్తాం. ఇప్పుడు అదే వాన, అదే హీరోయిన్, కిటికీ దగ్గర నిలబడి ఉంది, కింద ఒకబ్బాయి తడుస్తా బండి స్టార్ట్ చేసుకుంటున్నాడు. కెమెరా అతని చేతుల మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగింది, తర్వాత ఆమె మొహం మీదకొచ్చింది. ఈ రెండో దాంట్లో ఒక్క అంగుళం ఒళ్ళు కూడా ఎక్కువ కనపడలేదు. కానీ ఇంట్లో టీవీలో వస్తే రిమోట్ కోసం వెతికేది ఈ రెండో సీనుకే, మొదటిదానికి ఎవరూ వెతకరు, పాట కదా అని వదిలేస్తారు.

రౌడీ రాణి నుంచి జేజమ్మ దాకా కోపానికి టికెట్ తెగింది

తెలుగోళ్ళు ఆడవాళ్ళ సినిమాలు చూడరు అనేది చరిత్ర ప్రకారం తప్పు. 1970లోనే కె.ఎస్.ఆర్. దాస్ విజయలలితని పెట్టి 'రౌడీ రాణి' తీశాడు, గుర్రాలు, తుపాకులు, ఫైట్లు అన్నీ ఆమెవే. ఆ విజయలలిత విజయశాంతికి పిన్ని అవుతుంది. 1990లో విజయశాంతి 'కర్తవ్యం' వచ్చింది, జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది, తమిళంలో 'వైజయంతి ఐపీఎస్' అని డబ్ అయి అక్కడా ఇరగాడింది. వడపళని పిల్ల వాళ్ళమ్మ ఇప్పటికీ విజయశాంతి అనదు, వైజయంతి అనే అంటుంది. తర్వాత 1997లో 'ఒసేయ్ రాములమ్మ', 2009లో 'అరుంధతి'. మంగళూరులో పుట్టి, ఇక్కడ బెంగళూరులో చదువుకుని, యోగా నేర్పించుకుంటున్న అనుష్కని జేజమ్మని చేసింది ఆ సినిమానే.

అయితే ఈ కోపం ఎక్కడ్నుంచి వస్తుందో ఒకసారి చూడండి. 1985 'ప్రతిఘటన'లో లెక్చరర్‌ని నడిరోడ్డు మీద వివస్త్రని చేస్తారు, ఆ తర్వాతే ఆమె గొడ్డలి పడుతుంది. 'అరుంధతి'లో కామం అంతా పశుపతిది, జేజమ్మది దాన్ని అణిచే శక్తి. హీరో కొట్టడానికి కారణం అక్కర్లేదు, ఎవడో కాలర్ పట్టుకున్నా చాలు. హీరోయిన్ కొట్టాలంటే మాత్రం ముందు ఆమె ఒంటికో, చెల్లెలి ఒంటికో ఏదో ఒకటి జరగాలి. అంటే కోపం కథల్లో కూడా ఆడదాని ఒంటి చుట్టూనే కథ తిరుగుతుంది, కాకపోతే కోరిక అవతలోడిది, శిక్ష వేసే పని ఈమెది. ప్రేక్షకుడికి ఇందులో ఇబ్బంది లేదు, అమ్మోరు కథ మనకి కొత్త కాదు కదా.

(భానుమతి లాంటి వాళ్ళు అప్పట్లోనే వేరే దారిలో పోయారు, 1954 'విప్రనారాయణ'లో దేవదేవి పంతం పట్టి మరీ ఒక భక్తుడ్ని వలలో వేసుకుంటుంది, ఆ ధీమా ఇవాళ్టి హీరోయిన్లకి రాయరు. కానీ అదీ చివరికి భక్తిలోనే తేలుతుంది.)

ఒంటి మీద వచ్చిన డబ్బు ఎవరి జేబులోకి పోయింది

ఏలూరు దగ్గర కొవ్వలి నుంచి మద్రాసు వచ్చిన విజయలక్ష్మి 1980లో 'వండిచక్రం' అనే తమిళ సినిమాలో సిల్క్ అనే పాత్ర వేసి సిల్క్ స్మిత అయ్యింది. అమ్ముడుపోక డబ్బాల్లో మూలుగుతున్న సినిమాకి ఆమె పాట ఒకటి కలిపితే డిస్ట్రిబ్యూటర్లు వచ్చి కొనుక్కునేవాళ్ళని ట్రేడ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె కంటే ముందు జ్యోతిలక్ష్మి, జయమాలిని ఉన్నారు. అంటే ఆ రోజుల్లో హీరో సినిమా అనుకున్నదాన్ని మార్కెట్లో నిలబెట్టింది చాలాసార్లు ఒక ఆడమనిషి, పోస్టర్లో ఆమె బొమ్మ ఉంటుంది, క్రెడిట్ హీరోకి పోతుంది. సిల్క్ స్మిత సొంతంగా నిర్మాతగా మారి నష్టపోయింది. 1996 సెప్టెంబర్‌లో చెన్నైలో చనిపోయేటప్పటికి ఆమెకి 35 ఏళ్ళు.

ఆమె జీవితం స్ఫూర్తిగా హిందీలో 2011లో 'ది డర్టీ పిక్చర్' వచ్చి పెద్ద హిట్టయ్యింది, విద్యా బాలన్‌కి జాతీయ అవార్డు కూడా తెచ్చింది. దాని గురించి టీవీ దగ్గర మళ్ళీ మాట్లాడుకోవాలి, గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ రెండు వాదనలున్నాయి, రెండిట్లోనూ నిజం ఉంది. ఒకటి, ఐటెం సాంగ్ అంటే ఆడమనిషిని సరుకు చెయ్యడమే, కథలో ఆమెకి పేరు కూడా ఉండదు అని. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ పాటల్లో అసభ్యమైన స్టెప్పులు మానుకోండి అని సినిమావాళ్ళని హెచ్చరించింది కూడా. రెండోది, అది ఆమె వృత్తి, ఆమె ఇష్టం, డబ్బు తీసుకుని తన ఒంటితో తాను చేసుకునే పనిని తప్పనడానికి మీరెవరు అని. 2021లో 'పుష్ప'లో సమంత చేసిన పాట ఈ రెండిటి మధ్యలో కూర్చుంటుంది. మాటలన్నీ మగాళ్ళ చూపుని ఎగతాళి చేసేవి, మగాళ్ళని కించపరిచారని పురుషుల సంఘం ఒకటి ఫిర్యాదు కూడా చేసింది, కెమెరా మాత్రం ఆ ఎగతాళి చేసిన చూపుతోనే తీసింది. నేను ఆ పాటకి ఆఫీస్ పార్టీలో డాన్స్ చేశా, అది కూడా చెప్పాలి కదా.

రెండొందల టికెట్లో నిర్మాతకి ఎంతొస్తుంది

వర్కవుట్ అవుతుందా కాదా అనే మాటకి ముందు అసలు డబ్బు ఎలా కదులుతుందో చూద్దాం. పేపర్లో, పోస్టర్లో వేసే కోట్లు గ్రాస్, అంటే టికెట్ల మీద వసూలైన మొత్తం. అందులో పన్నులు తీసేస్తే నెట్. నెట్‌లో థియేటర్ వాడి వాటా పోగా డిస్ట్రిబ్యూటర్ వైపు వచ్చేది షేర్. సినిమా హిట్టా ఫట్టా తేల్చేది ఈ షేరే.

బెంగళూరు మల్టీప్లెక్స్‌లో 200 రూపాయల టికెట్ అనుకుందాం. వంద దాటిన టికెట్ మీద జీఎస్టీ 18 శాతం, అది తీసేస్తే 169 రూపాయల చిల్లర. మొదటి వారం థియేటర్‌తో సగం సగం అనుకుంటే షేర్ 85 రూపాయల దగ్గరికి వస్తుంది. వారాలు గడిచేకొద్దీ థియేటర్ వాటా పెరుగుతుంది, ఇది తగ్గుతుంది.

ఇప్పుడు రెండు సినిమాలు ఊహించుకోండి, అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే. ఒక హీరోయిన్ సినిమా ఖర్చు 10 కోట్లు, ఓటీటీ, శాటిలైట్ (అంటే టీవీ), డబ్బింగ్ హక్కులు కలిపి 6 కోట్లొచ్చాయి. మిగిలిన 4 కోట్లు థియేటర్ షేర్‌గా రావాలి, అంటే దాదాపు 4 లక్షల 70 వేల టికెట్లు తెగాలి. ఒక పెద్ద హీరో సినిమా ఖర్చు 150 కోట్లు, హక్కులకి 80 వచ్చాయి, థియేటర్ నుంచి 70 కోట్ల షేర్ కావాలి, అంటే 82 లక్షల టికెట్లు. మొదటిది 5 లక్షల టికెట్లు అమ్మి లాభంలో ఉంటుంది, రెండోది 60 లక్షలు అమ్మి కూడా నష్టంలో ఉంటుంది. బయట మాత్రం మొదటిదాన్ని చిన్న సినిమా అంటారు, రెండోదాన్ని కొంచెంలో పోయింది అంటారు.

ఇదే లెక్కని ఇంకోవైపు నుంచి చూస్తే నిర్మాతల మాటలో కూడా న్యాయం కనపడుతుంది. హీరోయిన్‌ని నమ్మి బడ్జెట్‌ని 10 నుంచి 50కి పెంచితే, హక్కుల డబ్బు కూడా ఐదు రెట్లు పెరిగిందనుకున్నా టికెట్లు ఐదు రెట్లు కావాలి, అన్ని టికెట్లు మొదటి మూడు రోజుల్లో తెచ్చే అభిమాన సంఘాలు ఆమెకి లేవు. 'లోక' బడ్జెట్ 30 కోట్ల దగ్గర అని వార్తలొచ్చాయి. అది నిజమైతే ఆ సినిమా ఆడదాని పేరు మీద గెలిచిందా, బడ్జెట్ అదుపు మీద గెలిచిందా అంటే నేను రెండూ అంటా, ముందు రెండోది.

ఓపెనింగ్ అబ్బాయిలది, లాంగ్ రన్ అమ్మోళ్ళది

ఓపెనింగ్ అంటే మొదటి రోజో మొదటి వీకెండో వచ్చే వసూళ్ళు. పొద్దున నాలుగింటి బెనిఫిట్ షోకి పోయేది ఎవరు? కుర్రాళ్ళు. మడివాళలోనో మారతహళ్ళిలోనో తెలుగు సినిమా రిలీజైతే పీజీల్లోంచి బండ్ల మీద ముగ్గురు ముగ్గురు దిగుతారు. అమ్మాయిలం ఆ టైంకి బయటికి రావాలంటే పీజీలో ఉంటే గేటు తియ్యరు, క్యాబ్ కావాలి, ఆ గుంపులో నిలబడాలి, హాల్లో బాత్‌రూం బాగుండాలి. కాబట్టి ఆడవాళ్ళు రెండో మూడో రోజున, అదీ ఎవరైనా బాగుందంటే, మధ్యాహ్నం షోకి పోతారు. ఆడవాళ్ళ టాక్‌తో నడిచే సినిమాకి టైం కావాలి.

ఆ టైం ఒకప్పుడు దొరికేది. 1978లో 'మరో చరిత్ర' డబ్బింగ్ కూడా లేకుండా తెలుగులోనే చెన్నై సఫైర్ థియేటర్లో, ఇక్కడ బెంగళూరులో ఏడాదికి పైగా ఆడింది. హీరోయిన్ సరిత అప్పటికి ఎవరికీ తెలియని కొత్తమ్మాయి, ఆ సినిమా రోజూ కొంచెం కొంచెంగా పోగేసుకుంది. ఇప్పుడు నాలుగు వారాలకి ఓటీటీలో వచ్చేస్తుందని అందరికీ తెలుసు, మా అమ్మైతే పోస్టర్ చూడగానే "ఎందులో వస్తుంది?" అని అడుగుతుంది. ఈ దెబ్బ అన్ని సినిమాలకీ తగిలినా మొదటి మూడు రోజుల బలం లేని సినిమాలకే ఎక్కువ తగిలింది.

దీనికి అవతలి వాదన కూడా ఉంది. హీరోయిన్లకి ఓపెనింగ్ రాదు అంటారు గానీ, రావడానికి ఏం పెట్టారు? పండగ డేట్ ఇవ్వరు, ప్రమోషన్‌కి డబ్బుండదు, స్క్రీన్లు తక్కువ, తర్వాత రాలేదు అంటారు. కోడి ముందా గుడ్డు ముందా లెక్క ఇది. నాకైతే దీంట్లో కొంత నిజం కనపడుతుంది గానీ, డేట్ బాగుండి, పేరున్న హీరోయిన్ ఉండి పోయిన సినిమాలు కూడా లేకపోలేదు, కథ బాగోకపోతే ఎవరి సినిమా అయినా పోతుంది.

'ఏ' సర్టిఫికెట్ పడితే టీవీ డబ్బు ఎక్కడికి పోతుంది

కోపం సినిమాకీ కోరిక సినిమాకీ మార్కెట్లో అసలైన తేడా ఇక్కడ మొదలవుతుంది. మన సెన్సార్ బోర్డు 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద పనిచేస్తుంది. 2023 సవరణ తర్వాత యూ, మూడు రకాల యూఏ (7, 13, 16 ఏళ్ళ పైన), తర్వాత పెద్దవాళ్ళకి మాత్రమే అనే 'ఏ'. 'ఏ' పడిన సినిమాని ఉన్నది ఉన్నట్టు టీవీలో వెయ్యడానికి లేదు, కట్ చేసి యూఏ తెచ్చుకోవాలి. కట్ చేస్తే ఏం మిగులుతుందన్నది సినిమాని బట్టి ఉంటుంది. ఫైట్ల సినిమాలో రక్తం తగ్గిస్తే కథ అలానే ఉంటుంది. ఆడమనిషి కోరికే కథైన సినిమాలో ఆ సీన్లు తీసేస్తే కథే పోతుంది, టీవీ వాడు కొనేదేంటి?

'ది డర్టీ పిక్చర్' సంగతి ఇందుకే గుర్తుపెట్టుకోమన్నా. యాభైకి పైగా కట్లు చేసి టీవీకి సిద్ధం చేశారు, ప్రోమోలు తిరిగాయి, తీరా 2012 ఏప్రిల్‌లో వేసే రోజున పగటిపూట వెయ్యొద్దు, రాత్రి పదకొండు తర్వాత వేసుకోండి అని కేంద్రం చెప్పడంతో ఆగిపోయింది. జాతీయ అవార్డు ఇచ్చింది కూడా ఆ ప్రభుత్వమే.

2017లో రెండు సినిమాలు ఒక నెల తేడాలో వచ్చాయి, రెండిటికీ 'ఏ' సర్టిఫికెట్టే. హిందీలో నలుగురు ఆడవాళ్ళ రహస్య కోరికల కథ 'లిప్‌స్టిక్ అండర్ మై బుర్ఖా', తెలుగులో 'అర్జున్ రెడ్డి'. మొదటిదానికి సెన్సార్ వాళ్ళు ముందు సర్టిఫికెట్టే ఇవ్వం అన్నారు, చెప్పిన కారణాల్లో మొదటిది కథ లేడీ ఓరియెంటెడ్‌గా ఉంది, వాళ్ళ ఊహలు జీవితానికి మించి ఉన్నాయి అని. ట్రేడ్ మాట సర్కారు కాగితంలోకి ఎక్కేసింది! అప్పీలు ట్రిబ్యునల్‌కి పోయి గెలిచి రిలీజ్ చేసుకున్నారు. ఆ ట్రిబ్యునల్‌ని 2021లో ఎత్తేశారు, ఇప్పుడు నేరుగా హైకోర్టుకి పోవాల్సిందే, చిన్న నిర్మాతకి అది ఖర్చు. 'అర్జున్ రెడ్డి' ముద్దు పోస్టర్‌ని బస్సు మీంచి చింపేశారు, గొడవైంది, కానీ ఆ గొడవ ఓపెనింగ్‌కి పనికొచ్చింది.

ఒకమ్మాయి ప్రేమలూ కోరికలే కథైన 'బ్యాడ్ గర్ల్'కీ గొడవ అయ్యింది. టీజర్ రాగానే ఒక కులాన్ని చెడుగా చూపించారని, మైనర్లని అలా చూపించడం తప్పని రెండు రకాల అభ్యంతరాలొచ్చాయి. రెండోది కొట్టిపారేసే అభ్యంతరం కాదు, పిల్లల విషయంలో చట్టం గట్టిగానే ఉంటుంది. మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్ టీజర్‌ని ఆన్‌లైన్లోంచి తీసెయ్యమంది. సినిమా రాటర్‌డ్యామ్ ఫెస్టివల్లో అవార్డు తెచ్చుకుంది. నిర్మాతల్లో ఒకడైన వెట్రిమారన్ మాత్రం రిలీజ్‌కి ముందే తన గ్రాస్ రూట్ సంస్థని మూసేస్తున్నా, ఇదే చివరి సినిమా అని చెప్పేశాడు, ఇలాంటి చిక్కులతో చిన్న నిర్మాత నిలబడలేడని. 'అర్జున్ రెడ్డి'కి గొడవ ఓపెనింగ్ తెస్తే ఇక్కడ గొడవ ఆఫీసు మూయించింది.

కోరికున్న హీరోయిన్‌కి మనోళ్ళు ఇచ్చిన వేషాలు

తెలుగులో అసలు ప్రయత్నాలు లేవని కాదు. 2018లో 'ఆర్ఎక్స్ 100'లో పాయల్ రాజ్‌పుత్ పాత్రకి కోరిక ఉంది, దాన్ని దాచుకోదు, హీరోతో ప్రేమ లేకుండానే తిరుగుతుంది. సినిమా హిట్టు. కానీ ఆమె విలన్. 2023లో అదే దర్శకుడు అజయ్ భూపతి అదే హీరోయిన్‌తో 'మంగళవారం' తీశాడు, ఈసారి ఆమె మీద జాలి ఉంది, కానీ కోరిక ఒక జబ్బు. ఒక దాంట్లో నేరం, ఒక దాంట్లో రోగం. ఊరికే, ఏ కారణం లేకుండా ఒకమ్మాయికి కోరిక ఉండి, ఆఫీసుకి పోయి, సాయంత్రం కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చే సినిమా మనకి థియేటర్లో కష్టం. 2021లో నలుగురు తెలుగు దర్శకులు కలిసి చేసిన 'పిట్ట కథలు' ఆ దగ్గరికి వెళ్ళింది, అది నేరుగా ఓటీటీలోనే వచ్చింది.

ఇప్పుడు 'లోక'కి మళ్ళీ వద్దాం, ఎందుకంటే మా నెల్లూరు పిల్ల చెప్పిన 'వేరే' నాకు అందులోనే దొరికింది. ఆ కథలో కల్యాణి వేసిన చంద్ర అంటే కేరళ వాళ్ళ కళ్ళియంకాట్టు నీలి. జానపద కథల్లో నీలి యక్షి, రాత్రిపూట అందంతో మగాళ్ళని మాయచేసి రక్తం తాగుతుంది. ఆడదాని కోరిక అంటే మగాళ్ళకున్న భయమే ఆ యక్షి. సినిమా ఆమెని బెంగళూరు తెచ్చి కేఫ్‌లో ఉద్యోగం ఇచ్చింది, బలం ఇచ్చింది, గతం ఇచ్చింది, రక్తం తాగడం కూడా ఉంచింది. మాయచెయ్యడం ఒక్కటి తీసేసింది. ప్రేమలో పడి తిరిగేది ఎదురింటి కుర్రాడు, ఆమె కాదు. నాకు ఆ సినిమా చాలా నచ్చింది, రెండుసార్లు చూశా, ఇది తప్పు పట్టడం కాదు. కుటుంబంతో కూర్చుని చూసే యక్షిని చెయ్యాలంటే ఏది తియ్యాలో వాళ్ళకి బాగా తెలుసు అంటున్నా అంతే. విచిత్రం ఏంటంటే ఆ సినిమాలో విలన్ బెంగళూరు అమ్మాయిల గురించి వాగిన ఒక డైలాగ్ మీద ఇక్కడ గొడవైంది, నిర్మాణ సంస్థ వేఫేరర్ ఫిల్మ్స్ క్షమాపణ చెప్పి దాన్ని మారుస్తామంది.

మా ఇంట్లో చివరికి ఏమైందంటే, ఆ శుక్రవారం నలుగురం కలిసి 'కొత్త లోక'కే పోయాం. 'బ్యాడ్ గర్ల్' ఓటీటీలోకి వచ్చాక వడపళని పిల్ల హాల్లో టీవీలో పెడదామంది, పక్క గదిలో ఖమ్మం ఆమె వాళ్ళ అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి ఉన్నారు. ఎవరి ఫోన్లో వాళ్ళం, ఎవరి దుప్పట్లో వాళ్ళం, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూశాం. మర్నాడు టీ తాగుతా మాట్లాడుకుంటే తెలిసింది, ముగ్గురం ఒకే రాత్రి చూశామని. థియేటర్ లెక్కలో మా టికెట్లు సున్నా. ఓటీటీ వాళ్ళ లెక్కలో ముగ్గురం ఉండే ఉంటాం, ఆ అంకె మాత్రం వాళ్ళు బయటికి చెప్పరు.